రెండో నంబరుకు కట్టిన పని

నాలుగు దాటి ఏడు నిమిషాలకు తెర మీద ఇంకో వరుస పడింది. రెండో నంబరు ప్రాసెసర్‌లో తప్పు దొరికింది, దిద్దుకున్నాను, అని. మిషన్ ఇంగ్లీషులో చెప్పే ఆ ముక్కను సిద్ధరాములు ఎప్పుడూ తెలుగులోనే వింటాడు, అదీ ఎవరో తలుపు చాటు నుంచి గొంతు తగ్గించి చెబుతున్నట్టు. పొద్దున గంటకొకటి చెప్పింది. అన్నం తిని వచ్చేసరికి పావుగంటకొకటి. ఇప్పుడు గడియారం చూసుకుంటే మూడు నిమిషాలు. దిద్దుకున్నంత సేపూ భయం లేదు, దిద్దుకోలేని తప్పు ఒక్కటి వచ్చిందంటే ఆ ఒక్క ప్రాసెసర్ కాదు, మిషన్ మొత్తం కూలబడుతుంది, అప్పటికి నడుస్తున్న పని ఏదీ మిగలదు, అని పొద్దున ఫోన్‌లో పూణే ఇంజనీరు చెప్పాడు. చెప్పి, ఇది రోజూ ఉండేదే అన్నట్టు నవ్వాడు కూడా. తెర మీద పక్క కిటికీలో ఒక అంకె నిలబడి ఉంది, 1,782. లెక్కగట్టాల్సిన పేకలు, అంటే నేతలో అడ్డపోగులు, మొత్తం 1,920. ఒక్కో పేకకు నిమిషానికి కొంచెం తక్కువ. ఇంకా నూట ముప్పై ఎనిమిది. రెండు గంటల పని. మూడు నిమిషాలకొక తప్పు చొప్పున రెండు గంటలు నెట్టుకొస్తుందా. వస్తుందేమో. నిన్న ఒంటి గంట నుంచి వచ్చింది కదా. వచ్చింది కాబట్టి వస్తుందని ఎక్కడుంది.

అశోక్ చౌక్ నుంచి లోపలికి తిరిగే సందులో, కింద నూలు గోదాం, మీద ఈ డిజైన్ కేంద్రం. ముంబయిలో ఏదో కంపెనీ వదిలించుకున్న పాత మిషన్‌ను నేతగాళ్ళ సంఘం వాళ్ళు లారీలో తెప్పించి మూడేళ్ళయింది. బీరువా అంత మిషన్, లోపల నాలుగు ప్రాసెసర్లు, సున్నా, ఒకటి, రెండు, మూడు అని వాటి నంబర్లు. కాగితం మీద గడుల్లో గీసిన నక్షాను ఫోటో పట్టి దీనికి ఇస్తే, జకార్డు మగ్గం మీద ఏ పేకకు ఏ పడుగు పోగు లేవాలో లెక్కగట్టి, అట్టల్లో చిల్లులు ఎక్కడెక్కడ పడాలో చెబుతుంది. వెనకట ఆ లెక్క మనుషులు కట్టేవాళ్ళు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ఒడిలో అట్ట పెట్టుకుని, చిన్న సుత్తితో. వాళ్ళలో పెద్ద చేయి మల్లప్పది. సిద్ధరాములు తండ్రికి అన్న. పెద్దబాపు. మూడేళ్ళుగా ఈ మెట్లు ఎక్కనన్న మనిషి. ఎక్కి, చంకలో పదకొండు కాగితాల చుట్ట పెట్టుకుని వచ్చి, ఇదిగో, నీ మిషన్ తింటదేమో చూడు, అని బల్ల మీద పెట్టి పది రోజులు. కోతకు వచ్చిన జొన్న చేను, కింద నల్లరేగడి, నడుమ కంకులు, మీద లేచిపోతున్న పిచ్చుకలు. జీవితమంతా చద్దర్ల మీద వంద పేకలకొకసారి అదే పువ్వు, అదే ఆకు తిరిగి తిరిగి వచ్చేట్టు గీసిన మనిషి ఈసారి ఒక్క కంకి లాగా ఇంకో కంకి లేకుండా గీశాడు. అయిదు నెలలు గీశాడు. గీస్తుండగానే కుడిచేతికి వణుకు పట్టింది. ఇప్పుడు టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటాడు.

ఆ పదకొండు కాగితాలు ఇప్పుడు లేవు. సిద్ధరాములు ఆ సంగతి దగ్గరికి మనసు పోకుండా తెర వైపు చూశాడు, 1,783, కానీ మనసు పోనే పోయింది. ఆఫీసు కప్పు కారుతుందని, ఇంట్లో అయితే పదిలంగా ఉంటాయని తనే మోసుకెళ్ళి గోడ పక్కన చాప చాటున నిలబెట్టాడు. నిన్న పొద్దున బీడీ కంపెనీ నుంచి ఆకు తెచ్చిన అమ్మ, సుందరాబాయి, నానబెట్టి గోనెపట్టాలో చుట్టిన తునికాకు మూటను ఎక్కడ పెట్టాలా అని చూసి, నేల మీద పెడితే మట్టి అంటుతుందని, చాప లాగి పరిచి, దాని చాటు నుంచి దొర్లిన కాగితాల చుట్టను కూడా కింద ఎత్తుపీటలా వేసి దాని మీద పెట్టింది. ఆమెకు చదువు రాదు, చుట్టిన కాగితమంటే ఆమెకు గోడకు పెట్టే పాత క్యాలెండరే. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నేల మీద ఎర్రటి నీళ్ళు పారి ఎండిన జాడ. కంకుల ఎరుపూ చేని నలుపూ కలిసి కాగితాలన్నీ తడి అట్టలా ఒక్కటైపోయి, విప్పబోతే గోరు కింద పేస్టులా వచ్చాయి. అమ్మ అడిగింది, అవి ఏం కాయితాలు బిడ్డా, అని. పెద్దబాపువి, అన్నాడు. అంతే అన్నాడు. అమ్మ రాత్రి అన్నం పెట్టి తను తినలేదు, పొద్దున చాట ముందు కూర్చుంది గానీ ఒక్క ఆకు కత్తిరించలేదు, కత్తెర చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుంది. ఇరవై ఆరేళ్ళలో ఆ చేతులు ఊరికే ఉండటం అతను చూడటం అదే మొదలు, నాన్న పోయిన పదకొండు రోజులు విడిచిపెడితే.

మిషన్‌లో ఫోటో ఉండాలి కదా. ఉండేది. నిన్న ఒంటిగంటకు పది నిమిషాల ముందు వరకు ఉండేది. ఫోటోలన్నీ లోపలికి చదువుకుని, లెక్క మొదలుపెట్టబోతూ డిస్కులో జాగా చాలదని మిషన్ మొరాయించింది. ఫోటోలే పెద్ద జాగా. ఒకసారి లోపలికి చదువుకున్నాక ఫోటోలతో పనేముంది, ఇంట్లో కాగితాలు ఉండనే ఉన్నాయి అనుకుని తుడిచేశాడు. టేపు మీదికి ఎక్కించే పెట్టె రెండు నెలలుగా పూణేలో రిపేరులో ఉంది. కాగితం ఇంట్లో ఉంది అనుకున్నవాడు ఇక్కడ తుడిచాడు, ఫోటో ఆఫీసులో ఉందిలే అనుకునేందుకు అమ్మకు ఫోటో సంగతే తెలియదు. రెండు చోట్లా ఒకే రోజు పోయింది. ఇప్పుడు ఆ చేను ఉన్నది ఒకే ఒక్క చోట, నడుస్తున్న ఆ పని కడుపులో. అది చివరి పేక దాకా వెళ్తే గానీ ఒక్క అక్షరం కూడా డిస్కు మీద రాయదు, రాసినవాళ్ళు ప్రోగ్రాం అట్లా రాశారు. తెర మీద ఇంకో వరుస పడింది. తప్పు దొరికింది, దిద్దుకున్నాను. రెండున్నర నిమిషాలు.

అద్దం అవతల బల్ల మీద మల్లప్ప వచ్చి కూర్చున్నాడు. చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి వస్తాడు, ఎవరూ విడవరు, ఆయన విడుస్తాడు. రోజూ నాలుగుకు చౌక్‌లో టీ తాగి వస్తున్నాడు, అట్టలు వచ్చాయేమో అని. భుజం మీది చద్దరు తీసి ఒళ్ళంతా కప్పుకున్నాడు, మిషన్ గది చల్లగాలి అద్దం సందుల్లోంచి అక్కడిదాకా పోతుంది.

"ఏందిరా సిద్ధా, ఇంకెంత సేపు నెమరేస్తది నీ మిషన్?"

"రెండు గంటలు పెద్దబాపు."

"నిన్న గూడ ఏందో అన్నవ్."

"నిన్న ఉద్యా అన్న. ఆ రేపు ఇయ్యాల్నే."

"ఆఁ. నాది అయిదు నెలలు, దానిది ఒక దినం. గొప్పదే." చద్దరు గుంజుకున్నాడు. "మా కాలంల మనిషికి చమట, మగ్గానికి నూనె. ఇప్పుడు మిషన్‌కు ఠండి గాలి, మనిషికి రజాయి. ఇగ నా కాయితాలు తెచ్చినవా? అట్టలు వచ్చినంక గడి గడి మిలాయించుకోవాలె."

"ఇంట్ల ఉన్నయి."

"రేపు పట్క రా. మర్చిపోకు."

మర్చిపోను, అన్నాడు సిద్ధరాములు. అనేశాక ఆ మాట నోట్లో పచ్చి వక్కలా ఉండిపోయింది. ఉమ్మేసేందుకు లేదు, మింగేందుకు లేదు. తిరిగి తెర ముందుకు వచ్చి కూర్చుంటే కుర్చీ కింద నేల కొద్దిగా అదురుతోంది, సందు అవతలి కార్ఖానాలో కరెంటు సాంచాలు, మరమగ్గాలు, ఆడుతున్న అదురు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళ కింద ఉన్నదే, భవాని పేట్ ఇంట్లో గోడకు చెవి ఆనిస్తే ఉండేది, అన్నం కంచంలో నీళ్ళు సన్నగా వణికేవి. పొద్దున ఇంజనీరు ఏమన్నాడు. ఇందులో కంగారు పడేదేముంది, ఆ రెండో నంబరును ఆఫ్‌లైన్ చెయ్, మిగతా మూడు చూసుకుంటాయి, నేను సోమవారం వచ్చి కొత్తది వేస్తాను, అన్నాడు. ఆఫ్‌లైన్ అంటే చంపడం కాదు, తీసెయ్యడం కాదు. కరెంటు ఉంటుంది, ఒంట్లో వేడి ఉంటుంది, నంబరు ఉంటుంది, పని మాత్రం ఇవ్వరు. నాన్న చివరి రెండేళ్ళు అట్లాగే కార్ఖానాకు వెళ్ళేవాడు. దగ్గు పట్టాక సేటు సాంచాలు వేరేవాళ్ళకు ఇచ్చాడు, నాన్న మాత్రం పొద్దున్నే వెళ్ళి గుమ్మం పక్కన మూల కూర్చుని సాయంత్రం దాకా చప్పుడు వినేవాడు. పొమ్మని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు. మూడేళ్ళ కింద, ఈ మిషన్ లారీ దిగిన రోజు, పెద్దబాపుకు అయింది మాత్రం వేరేనా. దించేటప్పుడు తాడు పట్టినవాళ్ళలో సిద్ధరాములు ఒకడు.

1,786. పొద్దునే చెయ్యాల్సిన పని. పొద్దున గంటకొకటే కదా అని ఊరుకున్నాడు. ఊరుకోలేదు, వాయిదా వేశాడు. నాలుగుంబావుకు కమాండ్ కొట్టాడు, రెండో నంబరు, ఆఫ్‌లైన్. మిషన్ ఒప్పుకోలేదు. దానికి కట్టి ఉంచిన పని ఒకటుంది, అది ఉండగా పక్కకు పెట్టలేను, అంది. అప్పుడు గుర్తుకు వచ్చింది, గుర్తుకు రావడమేమిటి, మర్చిపోతే కదా. తనే కట్టాడు. నిన్న పని మొదలు పెట్టగానే చూస్తుంటే మిషన్ దాన్ని ఒక దగ్గర ఉంచలేదు, సున్నా మీద కాసేపు, మూడు మీద కాసేపు, మళ్ళీ ఒకటి మీద, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తరిమింది. సాంచా దొరకని నేతగాడు కార్ఖానా అంతా తిరిగినట్టు అనిపించింది. ఇంత పని, అదీ పెద్దబాపు పని, దీనికి స్థిరమైన చోటు వద్దా. పడుగు నూలు చుట్టిన భీం ఒక సాంచాకు ఎక్కిందంటే చివరి గజం దాకా ఆ సాంచాదే, వేరేవాడు దాని మీద చెయ్యి వెయ్యడు, అట్లా అయితేనే నేత ఒకే తీరుగా వస్తుంది. పుస్తకం వెతికి, కట్టేసే కమాండ్ పట్టుకుని, రెండో నంబరుకు కట్టాడు. కట్టి, ఎవరితోనూ అనకపోయినా, లోపల గర్వపడ్డాడు. ఇంజనీరుకు ఈ సంగతి చెప్పలేదు. మిషన్లతో పుట్టినవాడెవడూ ఈ పని చెయ్యడని పొద్దున ఫోన్ పట్టుకున్నప్పుడే ఎందుకో తెలిసింది, అందుకే చెప్పలేదు.

పూణేకు మళ్ళీ ఎస్టీడీ చేశాడు. రెండు సార్లు తెగింది, మూడోసారి ఒక ఆడమనిషి ఎత్తి, సాహెబ్ నాశిక్‌కు బస్సెక్కారు, ఉద్యా సకాళీ ఫోన్ కరా, అని పెట్టేసింది. రేపు పొద్దున చెయ్యాలట. నాలుగు ఇరవై నాలుగు. తప్పు దొరికింది, దిద్దుకున్నాను. రెండు నిమిషాలు. పుస్తకం ముందరే ఉంది, ఇటుక అంత లావు, సంఘం వాళ్ళు అట్ట వేయించి పసుపు బొట్టు పెట్టారు. ఆ పేజీ మూడోసారి చదివాడు. కట్టిన పనిని విప్పవచ్చు. విప్పితే పని ఆగదు. ఉన్న చోటు నుంచి ఖాళీగా ఉన్న ప్రాసెసర్ మీదికి పోయి, ఆగిన దగ్గర నుంచి నడుస్తుంది. ఆ కింద ఇంకో ముక్క, ఆన్‌లైన్‌లో ఉన్న చివరి ఒక్క ప్రాసెసర్‌ను మాత్రం పక్కకు పెట్టడానికి వీల్లేదు, మిషన్ ఒప్పుకోదు. ఇంట్లో ఆ చివరి ఒక్కటి అమ్మ. ఎవరి పని పోయినా ఎవరి దగ్గు ముదిరినా చాట ముందు నుంచి లేవనిది. మరి పొద్దున కత్తెర పట్టుకుని ఊరికే కూర్చున్నది. ఆ సంగతి తర్వాత. విప్పితే పని ఆగదు, అంత తేటగా రాసి ఉంది, రెండు వేళ్ళతో కొట్టే కమాండ్. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి, పోవడం లేదు.

వేళ్ళకు వేరే సంగతి తెలుసు. పందొమ్మిదేళ్ళప్పుడు, కాలేజీ సెలవుల్లో, నాన్న అన్నానికి వెళ్తూ ఒక గంట చూసుకో అని నాలుగు సాంచాలు అప్పజెప్పాడు. నాన్న చెప్పిందొకటే, ఏది ఆపినా, పేక పోగును అటూ ఇటూ మోసే నాడె పెట్టెలోకి చేరినంక ఆపు, నడుమ ఆపకు. మూడో సాంచా చప్పుడు మారింది. మారిందని చెవికి తెలిసింది, ఎందుకు మారిందో తెలియలేదు, ఏదో విరుగుతోంది అనుకున్నాడు, పరిగెత్తి సాంచాను ఆపే చేతికర్ర గుంజేశాడు. సాంచా ఊపు సగంలో పోయింది. నాడె అవతలి పెట్టెకు చేరలేదు, పడుగు నడుమ ఇరుక్కుంది, ఆగీ ఆగకుండా వచ్చిన పన్నె, పేకను బిగగొట్టే దువ్వెన, దాన్ని గుద్దింది. చప్పుడు గుడ్డ చింపినట్టు ఉండదు. వాన మొదటి చినుకులు రేకుల మీద పడ్డట్టు ఉంటుంది, టపటపటప అని, వందల పోగులు ఒక్కొక్కటే తెగి. తర్వాత ఆ మూడో సాంచా ఒక్కటే నిశ్శబ్దంగా, మిగతా మూడూ ఏమీ జరగనట్టు ఆడుతూ. నాన్న వచ్చి చూశాడు. తిట్టలేదు. చేతికర్రకు పాత గుడ్డ పేలిక కట్టాడు, ఇది బంద్, ఎవరూ చాలూ చెయ్యొద్దు అని గుర్తు, కట్టి, కింద కూర్చుని మొదటి పోగు తీసి ముడి వేశాడు. రెండు రోజులు ముళ్ళు వేశాడు. రెండో రోజు పెద్దబాపు కూడా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరన్నదమ్ములు ఆ చివరి నుంచీ ఈ చివరి నుంచీ వేసుకుంటూ నడుమకు వచ్చారు. సిద్ధరాములు నిలబడి పోగులు అందించాడు, ఎవరూ అందించమనలేదు. అప్పటి నుంచి కార్ఖానా తొక్కలేదు. చదువుకుంటున్నానని అందరూ అనుకున్నారు.

పేక నడుమ విప్పితే. 1,801 అయింది, 1,802 ఇంకా కాలేదు, ఆ రెంటి నడుమ నాడె ఎక్కడుంది. పుస్తకం రాసినవాడు నాడె ఎప్పుడైనా చూశాడా. చెవి చెబుతోంది, చప్పుడు మారుతోంది, నిమిషమున్నరకొకటి, పోయి గుంజు అని. ఆనాడు కూడా చెవే చెప్పింది. గుంజకుండా ఉంటే ఆనాడు ఏమయ్యేది? ఏమీ కాకపోయేది, ఒక చర్మపు పట్టీ వదులయింది అంతే, నాన్న తర్వాత చెప్పాడు. కాబట్టి ఊరుకోవాలా. ఊరుకుని కూర్చుంటే ఒకవేళ రెండు గంటలు ఆగి చివరి పేక దాకా పోతే ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదు. అట్టలు వస్తాయి, మగ్గం మీద చేను దిగుతుంది, అందరూ చూస్తారు, కాగితాల సంగతి రేపు కాకపోతే ఎల్లుండి ఏదో ఒకటి అనవచ్చు, ఎలుకలు కొట్టాయనవచ్చు. ఆ ఆలోచన లోపలికి వచ్చి హాయిగా కాళ్ళు చాపుకుంది. సిద్ధరాములు దాన్ని చూసి సిగ్గుపడ్డాడు. తను భయపడుతున్నది పని ఆగిపోతుందని కాదా మరి. ఆగిపోతే అద్దం అవతలికి వెళ్ళి చెప్పాల్సి వస్తుందనా. విప్పినా విప్పకపోయినా పందెం కాస్తున్నది తను, సొమ్ము మాత్రం అవతల చద్దరు కప్పుకుని కూర్చున్న మనిషిది. ఆయనకు పందెం జరుగుతున్నట్టే తెలియదు. చేతి మీద చెయ్యి పెట్టి వణుకును అణుచుకుంటూ ఎదుటి గోడకు వేలాడదీసిన పాత జకార్డు అట్టల తోరణం చూస్తున్నాడు. తప్పు దొరికింది, దిద్దుకున్నాను. అది పూర్తిగా చదివేలోపే ఇంకొకటి. తప్పు దొరికింది, దిద్దుకున్నాను. రెండూ ఒకే నిమిషంలో.

లేచాడు. అద్దం తలుపు తోసుకుని బయటికి వచ్చి బల్ల మీద కూర్చోబోయి, కూర్చోలేదు.

"పెద్దబాపు, నీ కాయితాలు లెవ్వు."

మల్లప్ప తల తిప్పలేదు. "లెవ్వంటే?"

"తడిసినయి. రంగు కారి పదకొండూ అంటుకపోయినయి."

"మిషన్ల ఫోటో ఉన్నది గద."

"తుడిచేసిన. జాగ సాలలేదు. కాయితాలు ఇంట్ల ఉన్నయి గదా అనుకున్న." ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆపలేదు. "ఇప్పుడు ఆ నడుస్తున్న పనిలనే ఉన్నది నీ నక్షా, ఇంకెక్కడ లేదు. అది నడుస్తున్న భాగం ఖరాబైతున్నది. పనిని దానికెంచి ఇప్పి వేరేదాని మీదికి పంపాలె. నేనే దానికి కట్టిన. కట్టకపోతే ఈ లొల్లే లేకుండె."

కింద గోదాంలో ఎవరో నూలు మూట దించిన చప్పుడు. మల్లప్ప చద్దరు అంచు పట్టుకుని దారం ఒకటి లాగాడు, అది తెగకుండా సాగింది.

"ఎవలు తడిపిన్రు?"

"నేనే. ఆకు మూట దాని మీద పెట్టిన."

"నువ్వెన్నటి సంది ఆకు నానవెట్టవట్టినవ్?"

ముసలాయన ఆ దారాన్ని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"ఇప్పకపోతే?"

"ఏ నిమిషమన్న కూలవడొచ్చు. కూలవడకపోవచ్చు గూడ."

"ఇప్పితే?"

"పుస్తకంల రాసిందైతే ఏం గాదు. నేనెన్నడు చెయ్యలే."

"పుస్తకం రాసినోనికి నా మీద పగేమున్నది," అన్నాడు మల్లప్ప. అప్పుడు మొదటిసారి తల తిప్పి సిద్ధరాములు వైపు చూశాడు. "పో. పోయి చెయ్. ఈడ నిలవడితే ఏమొస్తది."

లోపలికి రావడం, కుర్చీలో కూర్చోవడం గుర్తు లేదు. తెర మీద తప్పుల వరుసలు కొత్తవి అయిదు. అంకె 1,829. పుస్తకంలో చూసి పని నంబరు కొట్టాడు, ఒక అక్షరం తప్పు పడింది, చెరిపి మళ్ళీ కొట్టాడు. విప్పు. వేలు ఆనింది. మిషన్ ఒక్క వరుసలో జవాబిచ్చింది, ఇంతవరకు రెండో నంబరుకు కట్టి ఉండేది, ఇప్పుడు దేనికీ కట్టి లేదు. అంతే. చినుకులేమీ పడలేదు. వెంటనే రెండోది, రెండో నంబరు, ఆఫ్‌లైన్. ఈసారి మొరాయించలేదు. ఎట్లా ఉన్నారు మీరందరూ అని అడిగే కమాండ్ కొట్టాడు, నాలుగు వరుసలు పడ్డాయి. సున్నా ఆన్‌లైన్. ఒకటి ఆన్‌లైన్. రెండు ఆఫ్‌లైన్, ఈ రోజు నాలుగు యాభై ఒకటి నుంచి. మూడు ఆన్‌లైన్. అంకె 1,829. ఇందాకా అదే. నిమిషానికి తక్కువ కదా పేకకు. గడియారంలో ముల్లు సగం తిరిగింది. 1,829. ముల్లు చుట్టు పూర్తి చేసింది. 1,829. కొత్త చోట కుదురుకోవద్దా, దాని సామానంతా అటు మోసుకోవద్దా, భీం మార్చితే మొదటి గజం ఎప్పుడైనా సరిగా వచ్చిందా, కానీ ఇది భీం కాదు కదా, ఇది భీం కాదనేగా ఇంత సేపూ. ముల్లు మళ్ళీ పావు తిరిగింది. తప్పుల కిటికీలో కొత్త వరుస లేదు. అంకెల కిటికీలో కొత్త అంకె లేదు. రెండూ చచ్చిపోయినట్టు ఉన్నాయి. సందు అవతల సాంచాలు ఆడుతున్నాయి, నేల అదురుతోంది, వీపు మీద చెమట ఆ చల్లగాలిలో చల్లబడుతోంది.

1,830.

కాసేపటికి 1,831. మునుపటి కంటే తొందరగా.

"నడుస్తున్నదా?" అని వెనక నుంచి వినబడింది. మల్లప్ప ఎప్పుడు లోపలికి వచ్చాడో, ఉత్త కాళ్ళతో ఆ చల్లటి నేల మీద నిలబడి ఉన్నాడు.

"నడుస్తున్నది."

"ఎన్నో పేక?"

"పద్దెనిమిది వందల ముప్పై ఒకటి."

ముసలాయన కళ్ళు మూశాడు. పెదవులు కదిలాయి, పై నుంచి కిందికి ఏవో లెక్కపెట్టుకున్నాడు. "మీద లేచిపోయే పిట్ట. ఎడమ దిక్కు రెక్క. ఆడ నా చెయ్యి వణికింది, ఒక గడి తప్పు పడ్డది. కాయితం మీదనే దిద్దుదామనుకున్న."

"అట్లనే వస్తది పెద్దబాపు. దిద్దాల్నంటే అట్టలు కొట్టక ముందు దిద్దొచ్చు, ఏ గడో చెప్పు."

మల్లప్ప ఆలోచించాడు. తెర మీద ఏముందో ఆయనకు చదవరాదు, అయినా ఆ అంకె మారినప్పుడల్లా కన్ను అటు పోతోంది. "ఉండనీ," అన్నాడు. "పిట్ట గదా. గాలికి అట్ల ఇట్ల అయితది." పక్కనున్న స్టూలు కాలితో దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. కుడిచేతిని చద్దరు కింద దాచుకున్నాడు. కాగితాల గురించి అనలేదు, ఫోటో గురించి అనలేదు. సిద్ధరాములు ఒక మాట కోసం కాచుకుని కూర్చున్నాడు, తిట్టు అయినా సరే. ఏదీ రాకపోయేసరికి మిషన్ చప్పుడు మరీ పెద్దదిగా వినబడింది.

"సిద్ధా."

"ఆఁ."

"నాకు ఎరుకైందని మీ అమ్మకు చెప్పకు."

సిద్ధరాములు తెర వైపే చూస్తున్నాడు. తల తిప్పితే కళ్ళు కనబడతాయి.

"అట్టలొచ్చినయట, ఇగ ఆ కాయితాలతోని నాకేం పని లేదట, పొయ్యిల వెట్టుమన్నడు పెద్దబాపు, అని చెప్పు. ఇయ్యాల్నే చెప్పు. ఎట్ల చెప్తవో జరంత మంచిగ చెప్పు, ఆమె తెలివిగల్లది." చద్దరు భుజం మీదికి ఎగదోసుకున్నాడు. "నేను ఎల్లుండొచ్చి చాయ్ తాగిపోత."

ఇంకా ఎనభై ఆరు పేకలు ఉన్నాయి. ఇద్దరూ కూర్చున్నారు.